వైజాగ్ సైడు ఉద్యోగాలు నిజంగా వస్తున్నాయా, పేపర్లోనేనా? ఇంట్లో వాళ్ళు హైదరాబాద్ వదిలి వచ్చేయమంటున్నారు

రాజాం_కుర్రోడు
మా నాన్న రోజుకో పేపర్ కటింగ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాడు. మొన్న గూగుల్ డేటా సెంటర్, నిన్న నక్కపల్లి స్టీలు, ఇవాళ రుషికొండ మీద ఇంకేదో కంపెనీ. కింద ప్రతిసారీ ఒకటే మాట, "ఇంక వచ్చీ".

నా సంగతి చెప్తా. బీటెక్ మెకానికల్, 2021 బ్యాచ్. కరోనా టైమ్‌లో బయటపడ్డాం కాబట్టి క్యాంపస్‌లో ఏది వస్తే అది పట్టుకున్నా. హైదరాబాద్‌లో యూఎస్ వాళ్ళకి టెక్ సపోర్ట్, అన్నీ నైట్ షిఫ్టులే, చేతికి 27 వేలు. కూకట్‌పల్లిలో రూముకి ముగ్గురం. ఇంటికి పంపేది 8 వేలు, అది కూడా అన్ని నెలలూ కుదరదు. అమ్మకి షుగరు, నాన్నకి మోకాళ్ళు. నాలుగేళ్ళుగా స్పానర్ ముట్టుకోలేదు, ఇంటర్వ్యూలో పంపు గురించి అడిగితే ఏం చెప్పాలో కూడా తెలీదు.

విశాఖ, అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం బెల్టులో ఈ మధ్య నిజంగా జాయినైన వాళ్ళు, జాయిన్ చేయించుకునే వాళ్ళు ఉంటే చెప్పండి. పార్టీల గొడవ వద్దు ప్లీజ్.

బెంచ్‌మీద_భాస్కర్
పార్టీల గొడవ వద్దు అన్నావు కదా, నాలుగో పోస్టులో మొదలవుద్ది చూస్కో

పరవాడ_కెమిస్ట్
ఉన్నాయి. ఎలాంటివి అన్నదే పేచీ. బి షిఫ్టులో ఉన్నా, దిగాక వివరంగా రాస్తా.

నిజం_నిప్పు
2023 మార్చిలో వైజాగ్‌లోనే సమ్మిట్ పెట్టి 13 లక్షల కోట్ల పెట్టుబడులు వచ్చేశాయని డప్పు కొట్టారు, ఏవీ? గ్రౌండ్ మీద అసలు పని ఇప్పుడే మొదలైంది తమ్ముడూ, ధైర్యంగా వచ్చేయ్.

జనం_గొంతు
అబ్బో. 2025 నవంబర్ సమ్మిట్‌లో మీరు చెప్పింది కూడా 13 లక్షల కోట్లే కదా సార్. ఉద్యోగాలు మాత్రం 6 లక్షల నుంచి 16 లక్షలకి పెంచారు. చెప్పడానికి పన్ను లేదు మరి.

బెంచ్‌మీద_భాస్కర్
నాలుగోదే. నా జాతకం ఎవరికైనా కావాలంటే ఫీజు టీసీఎస్ భూమి రేటే, 99 పైసలు, ఎకరానికి కాదు మనిషికి.
అయినా రెండు ప్రభుత్వాలు, రెండు సమ్మిట్లు, రెండింట్లోనూ 13 లక్షల కోట్లు. ఆ నంబరు ఎవరో బోర్డు మీద రాసి చెరపడం మర్చిపోయినట్టున్నారు.

మోడరేటర్
పార్టీ పోస్టులు ఇంకో ఆరు వచ్చాయి, తీసేశాను. ఎవరు తెచ్చారు అన్నది వేరే థ్రెడ్డులో తేల్చుకోండి. ఇక్కడ ఎవరు జాయిన్ అయ్యారు, ఎంతకి అయ్యారు అన్నదే రాయండి.

గాజువాక_గురు
మేన్‌పవర్ సప్లై నా పని, పన్నెండేళ్ళు అయింది. కాంట్రాక్టరు అంటే ఇక్కడ అందరూ తిడతారని తెలుసు, తిట్టుకోండి, కానీ ఎవరికి మనిషి కావాలన్నా ముందు మాకే ఫోన్ వస్తుంది కాబట్టి చెప్తున్నా.

పేపర్లో ఒక ప్రాజెక్టు పడింది అంటే దాని వెనక ఉద్యోగాలు ఒకేసారి రావు, దశల్లో వస్తాయి. మొదటి ఏడాది జేసీబీలు, టిప్పర్లు, సర్వేయర్లు, సెక్యూరిటీ. తర్వాత సివిల్ వాళ్ళు, రాడ్ బెండింగ్, షట్టరింగ్, ఆ గ్యాంగులన్నీ ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి దిగుతాయి. తర్వాత ఎరెక్షన్, అంటే మెషిన్లు నిలబెట్టి బిగించడం, అప్పుడు వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లకి డిమాండ్ పీక్‌లో ఉంటుంది. కంపెనీ నడవడం మొదలయ్యాక మిగిలేది ఇందులో చిన్న ముక్క. పేపరువాడు "ప్రత్యక్షంగా, పరోక్షంగా" అని రాసే నంబర్లో ఇవన్నీ, బయట టీ కొట్టువాడితో సహా, కలిసి ఉంటాయి. ఆ "పరోక్షంగా" అనే మాట ఒక్కటి చూసుకుని చదవమని మీ నాన్నగారికి చెప్పు.

ఇప్పుడు నాకొచ్చే ఇండెంట్లు, అంటే ఫలానా మనిషి కావాలని వచ్చే ఆర్డర్లు, ఏంటంటే: లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్, బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఉన్నవాడు, ఆర్గాన్ వెల్డర్, సేఫ్టీ సూపర్‌వైజర్, ఇన్‌స్ట్రుమెంటేషన్ తెలిసిన ఐటీఐ కుర్రాడు. "బీటెక్ మెకానికల్ కావాలి" అని ఏడాదికి ఓ పది సార్లు అడుగుతారేమో, ఫిట్టర్ కావాలని రోజూ అడుగుతారు. ఆ ఫిట్టర్ దొరక్క మేం తిరుగుతుంటాం, బీటెక్ బయోడేటాలు నా డ్రాయర్లో రెండు కట్టలున్నాయి.

రాజాం_కుర్రోడు
@గాజువాక_గురు ఆ కట్టలో నాదీ ఉండే ఉంటది అన్నా, 2021లో గాజువాకలో కనబడిన ప్రతి ఆఫీసులోనూ ఇచ్చొచ్చా 😅
మరి ఇంత మందిని బీహార్ నుంచి ఎందుకు తెస్తారు? మా ఊరోళ్ళు మేస్త్రీ పనికి హైదరాబాద్ వస్తున్నారు. మియాపూర్‌లో పొద్దున్నే అడ్డా మీద నిలబడితే సగం మంది మా యాసే.

గాజువాక_గురు
నిజం చెప్తే తిడతారు. బయట నుంచి వచ్చినవాడు క్యాంపులో ఉంటాడు, ఆర్నెల్లు ఇంటికి పోడు, ఆదివారం కూడా డ్యూటీ అంటే వస్తాడు. లోకల్ కుర్రాడు ఊళ్ళో అమ్మవారి పండగ అంటే పోతాడు, మావయ్య కూతురి పెళ్ళంటే పోతాడు, పైగా ఏదైనా తేడా వస్తే వెనకాల ఊరు ఊరంతా వస్తుంది. అదే లోకల్ కుర్రాడు హైదరాబాద్ వెళ్తే అక్కడి కాంట్రాక్టరుకి వీడే "బయట నుంచి వచ్చినవాడు". ఎవరూ సోమరులు కాదు, ఇంటికి దూరంగా ఉన్న మనిషి చవగ్గా దొరుకుతాడు, అంతే.

సిక్కోలు_సీతారాం
గురూగారు చివర్న ఒప్పేసుకున్నారు. పండగకి ఇంటికెళ్ళే మనిషిని పన్లోకి పెట్టుకోకపోవడాన్ని స్కిల్ లేదు అని పేరు పెడతారు. 75 శాతం స్థానికులకే అని 2019లో చట్టం చేశారు కదా, అదేమయినట్టు?

గాజువాక_గురు
నాకొచ్చిన ఒక్క ఇండెంట్లో కూడా ఆ మాట చూడలేదు. హరియాణాలో అలాంటి చట్టాన్నే అక్కడి హైకోర్టు 2023 నవంబర్‌లో కొట్టేసింది. దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

బెంచ్‌మీద_భాస్కర్
పైగా వీడు ఎక్కడ లోకలు? రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, పొద్దున్న లేచేసరికి విజయనగరం జిల్లా. కదలకుండా కూర్చుని కూడా వలస వెళ్ళిన ఊరు ప్రపంచంలో అదొక్కటే.

రాజాం_కుర్రోడు
@బెంచ్‌మీద_భాస్కర్ 😂😂 ఆధార్‌లో ఇంకా శ్రీకాకుళమే

ఉక్కునగరం_రిటైర్డ్
1989లో స్టీల్ ప్లాంట్‌లో చేరాను, అప్పటికి నాకు 22 ఏళ్ళు. ప్లాంటుని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న, అప్పటికి మేం హాట్ మెటల్ (కరిగిన ఇనుము) చూసి రెండేళ్ళయింది. 2025లో వీఆర్ఎస్ పెట్టారు, తీసుకుని బయటికొచ్చేశాను.

ఆ రోజుల్లో ఒక్క ఉద్యోగం అంటే ఎంతో మీ కుర్రాళ్ళకి ఊహకి రాదు బాబూ. నా క్వార్టర్లో ఉండి ముగ్గురు తమ్ముళ్ళు చదువుకున్నారు, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళయ్యాయి. జీతాలు పడ్డ వారం గాజువాక మార్కెట్లో కాలు పెట్టలేకపోయేవాళ్ళం. ప్లాంటుకి భూములిచ్చిన 64 ఊళ్ళలో ఇంటికో మనిషికి ఉద్యోగం అనుకున్నారు, భూమి పోయినవాళ్ళకిచ్చిన ఆర్ కార్డు చేత్తో పట్టుకుని పెద్దలు పోయారు, ఇప్పుడు మనవలు పట్టుకున్నారు. సొంత గనులు లేకుండా 73 లక్షల టన్నుల ప్లాంటు నడపమన్నారు. 2021 జనవరిలో కేంద్రం వాళ్ళు అమ్మేస్తాం అన్నారు, 2025 జనవరిలో 11,440 కోట్లు ఇస్తాం అన్నారు. ఈ రెండు జనవరుల మధ్య పర్మనెంటు ఉద్యోగం అనే మాట గాజువాకలో ఎవరి నోటా వినబడలేదు.

నేనన్నది ఏంటంటే, కొత్తగా వచ్చేవాటిలో పర్మనెంటు కోసం వెతక్కు. పని నేర్పే చోటు వెతుక్కో.

సిక్కోలు_సీతారాం
పెద్దాయనా, మీ పిల్లలెక్కడున్నారు?

ఉక్కునగరం_రిటైర్డ్
ఒకడు బెంగుళూరు, అమ్మాయి మెల్బోర్న్. తెలుసులే, ఆ ప్రశ్న వస్తుందని తెలిసే రాశాను.

డేటాసెంటర్_డ్యూటీ
గూగుల్ పేరు చూసి ఆగాను. నేను హైదరాబాద్‌లో ఒక డేటా సెంటర్‌లో ఫెసిలిటీ షిఫ్ట్ ఇంజనీరుని. కంపెనీ పేరు చెప్పను.

జనం గూగుల్ అనగానే కోడింగు, మెడలో కార్డు, ఫ్రీ భోజనం అనుకుంటున్నారు. వైజాగ్‌కి వచ్చేది డేటా సెంటర్ బాబూ, ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు, ఒక గిగావాట్ స్థాయి. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి దగ్గర అంటున్నారు. అందులో డబ్బులో ఎక్కువ భాగం సర్వర్లకి, కరెంటు సామానుకి పోతుంది. హాల్లోకి వెళ్తే మనుషులు కనబడరు, చలీ, ఫ్యాన్ల హోరూ. మా షిఫ్టులో ఎంతమంది అనుకున్నారు? ఎలక్ట్రికల్ ఇద్దరు, మెకానికల్ ఇద్దరు, బిల్డింగులో మెషిన్లన్నీ కనిపించే బీఎంఎస్ స్క్రీను ముందు ఒకరు, సెక్యూరిటీ మాకంటే ఎక్కువ.

కానీ @రాజాం_కుర్రోడు, నువ్వు మెకానికల్ అన్నావు కాబట్టి చెప్తున్నా, ఆ ఇద్దరు మెకానికల్ వాళ్ళు చేసేది చిల్లర్లు (నీళ్ళు చల్లబరిచే పెద్ద మెషిన్లు), పంపులు, కూలింగ్ టవర్లు, డీజిల్ జనరేటర్లు. ఇది తెలిసిన మనిషి హైదరాబాద్‌లోనే దొరకట్లేదు. వైజాగ్‌లో అవి నడవడం మొదలయ్యే రోజుకి చిల్లర్ మీద రెండు మూడేళ్ళ అనుభవం ఉన్నవాడు కాలర్ ఎగరేసుకుని వెళ్తాడు. ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుందంటే పెద్ద హాస్పిటళ్ళలో, మాల్స్‌లో, ఫార్మా యుటిలిటీస్‌లో. టెక్ సపోర్ట్‌లో మాత్రం దొరకదు.

రాజాం_కుర్రోడు
ఇది ఎవరూ చెప్పలేదన్నా నాకు. చిల్లర్ అంటే ఏసీ మెకానిక్ పనే కదా అని మా రూమ్మేట్ నవ్వుతున్నాడు

డేటాసెంటర్_డ్యూటీ
నవ్వనీ. మీ రూమ్మేట్ ప్రాజెక్టు నడిచే సర్వరు హాలు వేడెక్కితే వాడే నాకు ఫోన్ చేస్తాడు.

పరవాడ_కెమిస్ట్
షిఫ్ట్ దిగి, తిని కూర్చున్నా. రాత్రి పదకొండున్నర. పెద్దదే రాస్తా.

మన దగ్గర ఇవాళ్టికి ఫ్రెషరుకి గేటు తెరిచే ఇండస్ట్రీ ఒక్కటే, ఫార్మా. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, అటు రణస్థలం పక్క పైడిభీమవరం, రేపు నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్క్. నేను ఎమ్మెస్సీ ఆర్గానిక్, ట్రైనీ కెమిస్టుగా 14 వేల చిల్లరకి చేరా. ఇప్పుడు ఏడో ఏడు, మూడు కంపెనీలు మారి 41 చేతికొస్తుంది. ఒకేచోట ఉండుంటే పాతిక దాటేది కాదు. ఇక్కడ ఇంక్రిమెంటు అంటే గేటు మారడమే.

మెకానికల్ వాళ్ళకి మెయింటెనెన్స్ అని ఉంటుంది. రియాక్టరు గేర్‌బాక్సులు, సెంట్రిఫ్యూజులు, పంపుల మెకానికల్ సీళ్ళు. లేకపోతే యుటిలిటీస్, అంటే బాయిలర్, చిల్లింగ్ ప్లాంటు, కూలింగ్ టవరు. @డేటాసెంటర్_డ్యూటీ చెప్పిన చిల్లర్లు ఇక్కడ బోలెడున్నాయి, మైనస్‌లో బ్రైన్ (ఉప్పు కలిపిన నీళ్ళు) తిరుగుతుంటుంది. నీకు ట్రైనీగా 16 నుంచి 18 ఇస్తారు. 27 నుంచి 18కి దిగాలి, అందులో దాచేదేం లేదు.

వాసన ఉంటుంది. మొదటి నెల అన్నం తినబుద్ధి కాదు, తర్వాత ముక్కు చచ్చిపోతుంది. మా ఆవిడ నా బట్టలు విడిగా ఉతుకుతుంది. భయం కూడా ఉంటుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో 17 మంది పోయిన రోజు మధ్యాహ్నం నుంచి నా ఫోను మోగుతూనే ఉంది, ఊళ్ళో అందరికీ "నేను పరవాడలో ఉన్నాను, అక్కడ కాదు" అని చెప్పుకుంటూ కూర్చున్నా. మర్నాడు బి షిఫ్టుకి మళ్ళీ వెళ్ళాం. అందుకని ఇంటర్వ్యూలో జీతంతో పాటు ఒక మాట అడుగు, వర్క్ పర్మిట్ (ప్రమాదం ఉన్న పని మొదలుపెట్టే ముందు ఇచ్చే అనుమతి కాగితం) ఎవరు సంతకం పెడతారు, సాల్వెంట్ లైను విప్పే ముందు ఎవరు చెక్ చేస్తారు అని. దానికి తడుముకునే చోట చేరకు.

అచ్యుతాపురం_సిరి
మీరంతా ఇంజనీర్ల లెక్క మాట్లాడుతున్నారు, ఇక్కడ పొద్దున్న ఐదున్నరకి రోడ్డు మీదకి రండి, కంపెనీ బస్సుల్లో ఎవరున్నారో చూడండి. ఆడవాళ్ళమే. నేను ఇంటర్ ఫెయిల్. పెళ్ళయ్యాక బట్టల కంపెనీలో మిషను మీద చేరా, తొమ్మిదేళ్ళయింది, ఇప్పుడు లైన్ సూపర్‌వైజర్ని. టార్గెట్లు ఉంటాయి, నడుం నొప్పి ఉంటుంది, కుట్టుపనిలో ఏ కంపెనీ అయినా అంతే. జీతం గొప్పది కాదు. కానీ పీఎఫ్ నా పేరు మీద ఉంది, ఏటీఎం కార్డు నా బ్యాగులో ఉంది, మా పాపని ఇంగ్లీషు మీడియంలో వేసింది నా జీతంతో. మా అత్త మొదట్లో బస్సెక్కడానికి వీల్లేదంది, ఇప్పుడు ఆవిడే మూడున్నరకి లేచి క్యారేజీ కడుతుంది.

ఒక మాట. బస్సు మా ఊరి మలుపులో ఆగుతుంది కాబట్టి నేను ఉద్యోగం చేస్తున్నా. అవతల మండలంలో మా చెల్లి నాకంటే బాగా కుడుతుంది. అక్కడికి బస్సు రాదు. ఇంట్లోనే ఉంది.

పరవాడ_కెమిస్ట్
@అచ్యుతాపురం_సిరి అక్కా, ఈ థ్రెడ్‌లో అసలు పాయింటు నువ్వు చెప్పావు. మా దగ్గర కూడా ఎవడు మానేశాడని ఆరా తీస్తే సగం మంది రూటు తీసేసినందుకే మానేస్తారు.

కాశీబుగ్గ_జీడిపప్పు
పలాసలో బస్సు కూడా అక్కర్లేదు, నడిచి వెళ్ళి జీడిపిక్కలు ఒలుస్తారు. కేజీల లెక్కన కూలి. 2018లో తిత్లీ తుపాను మా ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లని పెకలించేసింది. కొబ్బరి మళ్ళీ కాపుకి రావడానికి ఎన్నేళ్ళు కావాలో మీకు తెలుసు. ఆ మధ్యలో ఇళ్ళలో మగాళ్ళు ఎవరూ మిగల్లేదు, అందరూ హైదరాబాద్, చెన్నై, అండమాన్. మీ రాజాం వాళ్ళు అదృష్టవంతులు, పేపర్ కటింగైనా వస్తోంది.

మస్కట్_మావయ్య
నాది సోంపేట పక్క. మస్కట్లో పదకొండేళ్ళు స్కేఫోల్డింగు చేసినాను, మొన్న సంకురాత్రికి వొచ్చీసినాను. ఈ గుంటలకి ఒక్క మాట సెప్తాను ఇనండి. ఎల్తే ఎల్లండి గానీ గవర్నమెంటు సైటు ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు లైసెన్సు నంబరు సూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిత్తాం అన్నోడు దొంగే. కంపూటర్ ముందు కూకునే పని, ఎనభై వేలు, కంబోడియా అని సెప్పి 2024లో మన కుర్రోల్లని ఎలా పట్టుకుపోయారో వైజాగ్ పోలీసులు బయట పెట్టినారు కదా. ఎల్డింగు టెస్టు, ప్లేటు ముక్క సేతిలో ఎట్టి సెయ్యమన్నోడు మంచోడు. ఏ టెస్టూ లేకండా ఉద్యోగం ఇచ్చీసాం అన్నాడంటే నిన్ను అమ్మీసినట్టే.

జగిత్యాల_పోరడు
మీకు కంపెనీ బస్సు ఊరికి వస్తదా రాదా అని లొల్లి. మా దిక్కు ఎయిర్‌పోర్టుకు పోయే కారు మాత్రం ఇంటి ముంగటికే వస్తది. మావయ్య చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్, మా బావ విజిట్ వీసా మీద పోయి మూడు నెల్లు రూములనే ఉన్నడు.

డీఎస్సీ_దండయాత్ర
ప్రభుత్వ ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదేంటి. నేను ఎత్తుతా, నాకు అర్హత ఉంది. 2018 డీఎస్సీ అర మార్కులో పోయింది. అవనిగడ్డ వెళ్ళి కోచింగ్ తీసుకున్నా, మళ్ళీ నోటిఫికేషన్ రేపో మాపో అన్నారు. ఆ రేపు 2025 ఏప్రిల్లో వచ్చింది, 16,347 పోస్టులు. మధ్యలో ఏడేళ్ళు ప్రైవేటు స్కూల్లో 9 వేలకి ఆరు క్లాసులు చెప్పా, లాక్‌డౌన్లో అదీ లేదు. పెళ్ళయింది. మా ఆవిడ బీఈడీ, నా నోట్సులే చదివింది, నేనే చెప్పా పాఠాలన్నీ. సెప్టెంబర్‌లో ఆవిడకి అపాయింట్‌మెంట్ లెటర్ వచ్చింది.

నాకు రాలేదు.

బెంచ్‌మీద_భాస్కర్
ఫ్యాకల్టీగా మీ సక్సెస్ రేటు వంద శాతం మాస్టారూ

డీఎస్సీ_దండయాత్ర
మా మావగారు కూడా అదే అన్నారు, కాకపోతే ఆయన నవ్వకుండా అన్నారు.

లెక్కల_లక్ష్మి
2022-23 లేబర్ ఫోర్స్ సర్వేలో ఏపీ గ్రాడ్యుయేట్లలో నిరుద్యోగం 24 శాతం. అండమాన్, లడఖ్ తర్వాత మనమే. దేశం మొత్తం మీద 13 శాతం చిల్లర. నలుగురు డిగ్రీ వాళ్ళు పనికోసం బజార్లోకొస్తే ఒకరు ఖాళీ.

సిక్కోలు_సీతారాం
అంటే చదువుకోకపోతే ఉద్యోగం వస్తుందని అర్థమా? 🙄

లెక్కల_లక్ష్మి
కాదు, ఖాళీగా ఉండాలన్నా ఇంట్లో రెండు పూటలా అన్నం ఉండాలి. లేనివాడు ఏదో ఒక కూలికి పోతాడు, సర్వేలో "ఉపాధి ఉంది" కింద పడతాడు. పైన మాస్టారు 9 వేలకి ఆరు క్లాసులు చెప్పినప్పుడు ఆయన నిరుద్యోగి కాదు, లెక్క ప్రకారం. మియాపూర్ అడ్డా మీద వారంలో మూడు రోజులు పని దొరికినవాడూ కాదు. కాబట్టి ఆ 24 ఎంత భయంకరమో, దానికి బయట ఉన్నవాళ్ళ సంగతి అంతకంటే తక్కువేం కాదు.

మధురవాడ_అద్దెకుంటా
ఐటీ సైడు నా అనుభవం. నేను 2024లో బెంగుళూరు నుంచి వైజాగ్ ఆఫీసుకి ఇంటర్నల్ ట్రాన్స్‌ఫర్ మీద వచ్చా. మా ఫ్లోర్లో చాలామంది నాలాగే, ఉన్న ఉద్యోగంతో ఇల్లు చేరినవాళ్ళు. కొత్త ఉద్యోగం పుట్టినట్టు పేపర్లో పడుతుంది, జరిగింది కుర్చీ మారడం. ఇన్ఫోసిస్ 2023 అక్టోబర్‌లో తెరిచారు, టీసీఎస్‌కి 2025లో 21 ఎకరాలు ఎకరం 99 పైసలకి ఇచ్చి 12 వేల ఉద్యోగాలు అన్నారు, అదే టీసీఎస్ ఆ ఏడాదే ప్రపంచం మొత్తం మీద 12 వేల మందిని తగ్గిస్తాం అంది. రెండు పన్నెండు వేలూ ఒకటే అని నేననట్లేదు, కానీ రెండూ ఒకే పేపర్లో చదివా.
రాజాం బ్రో, మీ కంపెనీకి ఇక్కడ బ్రాంచి ఉంటే ముందు ట్రాన్స్‌ఫర్ అడుగు. లేకపోతే సపోర్ట్ ప్రొఫైల్‌కి ఇక్కడ ఇంకా తక్కువ ఇస్తారు. మధురవాడలో అద్దెలు మాత్రం గూగుల్ ఆల్రెడీ వచ్చేసినట్టే ఉన్నాయి.

రాజాం_కుర్రోడు
బ్రాంచి లేదు. అడిగితే మేనేజరు "వైజాగ్ అంటే బీచ్ కదా" అన్నాడు.

అందరివీ రెండేసి సార్లు చదివా. రాత్రి లెక్క వేశా. ఇక్కడ 27లో రూము, మెస్సు, చార్జీలు, ఫోను, నెలకోసారి ఊరికి టికెట్టు పోతే మిగిలేది 9. అక్కడ 17 అనుకుంటే పెట్రోలు 3, నా ఖర్చు 3, మిగిలేది 11. అంటే తగ్గిన జీతంతో ఎక్కువ మిగులుతోంది?? ఎక్కడో తప్పు చేశానా?

సిక్కోలు_సీతారాం
చేశావు. ఊళ్ళో ఉంటే చదివింపులు ఎవడు రాస్తాడు? పెళ్ళిళ్ళ సీజన్లో నెలకి నాలుగు కవర్లు. హైదరాబాద్‌లో ఉన్నంతకాలం "డ్యూటీ ఉంది" అని తప్పించుకున్నవన్నీ వడ్డీతో కట్టాలి.

అచ్యుతాపురం_సిరి
అమ్మ షుగరు మందులు ఎవరు తెస్తున్నారో అది కూడా లెక్కలో వెయ్యి బాబూ.

ఉక్కునగరం_రిటైర్డ్
నీ లెక్కలో మూడో ఏడు లేదు. టెక్ సపోర్ట్‌లో మూడేళ్ళ తర్వాత ఎంత, మెయింటెనెన్స్‌లో ఎంత, అది రాసి చూడు. పరవాడ అబ్బాయి 14 నుంచి 41కి వెళ్ళాడు, అది అందరికీ కుదరదు, సగం అనుకో.

బెంచ్‌మీద_భాస్కర్
టెక్ సపోర్ట్‌లో మూడేళ్ళ తర్వాత వీడి సీట్లో చాట్‌బాట్ ఉంటుంది. దానికి చిల్లర్ కావాలి. వెళ్ళి చిల్లర్ దగ్గర కూర్చో.

రాజాం_కుర్రోడు
అప్‌డేట్. పదిహేను రోజులైంది, ఎవరైనా ఇంకా చూస్తున్నారా తెలీదు. శనివారం సెలవు పెట్టి పైడిభీమవరంలో ఒక చోట వాకిన్‌కి వెళ్ళా, యుటిలిటీస్ ట్రైనీ. పంపు గురించే అడిగారు! కావిటేషన్ అంటే ఏంటి అన్నారు. ముందు రోజు రాత్రి బస్సులో చదువుకున్నా కాబట్టి చెప్పా. @పరవాడ_కెమిస్ట్ చెప్పినట్టు వర్క్ పర్మిట్ సంగతి అడిగా, ఆయన కాసేపు నన్ను చూసి, ఒక పుస్తకం తీసి చూపించాడు, ఎవరెవరు సంతకాలు పెట్టాలో. 17,200 అన్నారు, ఆరు నెలల ట్రైనింగు తర్వాత 19. హెచ్ఆర్ మంగళవారం లోపు చెప్పమంది.

నాన్నకి చెప్తే "గూగుల్‌లో కాదా" అన్నాడు.

ఒకటే చిక్కు. కంపెనీ బస్సు రాజాం రాదట. ఏ, బి, సి మూడు షిఫ్టులూ తిప్పుతారు. బైకు మీద రాను పోను రోజూ అంత దూరం, సి షిఫ్టుకి రాత్రి పూట, అమ్మ ఒప్పుకోవట్లేదు.

గాజువాక_గురు
రణస్థలంలో రూము తీస్కో, 2 వేలకి దొరుకుతుంది.

రాజాం_కుర్రోడు
మళ్ళీ రూమేనా అన్నా. రూము వదలడానికే కదా ఇంత రామాయణం

ఎ_షిఫ్ట్_ఎచ్చెర్ల
ఎకౌంటు తీసి రెండేళ్ళయింది, మొదటిసారి రాస్తున్నా. నేను పైడిభీమవరంలోనే, పక్క గేటు. శ్రీకాకుళం నుంచి వచ్చే బస్సులన్నీ చిలకపాలెం జంక్షన్లో ఆగుతాయి, నీకు చెప్పిన కంపెనీది కూడా. రాజాం రోడ్డు అక్కడికే వచ్చి కలుస్తుంది కదా. జంక్షన్లో టైర్ల షాపు వెనక బైకులు పెట్టుకోనిస్తారు, నెలకి 300. పొగిరి, సంతకవిటి సైడు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు ఇప్పటికే అలా వస్తున్నారు, సి షిఫ్టుకి ముగ్గురూ కలిసి రండి. సోమవారం పొద్దున్న ఐదుంపావుకి జంక్షన్లో ఉంటే డ్రైవరుతో మాట్లాడిస్తా. పేరు చెప్పక్కర్లేదు, రాజాం అని చెప్పు చాలు.

రాజాం_కుర్రోడు
ఐదుంపావు అంటే ఇంట్లో నాలుగింటికి బయల్దేరాలి.
ఉంటా అన్నా.